కొత్తకోడలి హస్తవాసి

ఆ రాగి నాణెం అత్తగారు ఇబు రొఫియా పెట్టెలో, పాత బతిక్ గుడ్డ పీలికలో చుట్టి ఉండేది. డచ్చివాళ్ల కాలం నాటిది. ఎందరి వీపుల మీదో గీసి గీసి అంచులు అరిగి, చంటిపిల్ల బుగ్గలా నునుపెక్కింది. ఇంట్లో ఎవరికైనా పడిశమో ఒళ్లునొప్పులో వచ్చి, ఒంట్లో గాలి చేరిందంటే ఆమే దాన్ని తీసి, కొబ్బరినూనెలో ముంచి, వీపు ఎర్రబడేదాకా గీసేది. ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. అలాంటిది ఆ పొద్దున, "నా వేళ్లు పట్టేశాయి నోక్, నువ్వు గియ్యి" అని కోడలి అరచేతిలో పెట్టింది.

ఉల్ఫాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని తెలుసు. మామగారు మైనం షెడ్డులో చాప మీద బోర్లా పడుకుని మూలుగుతున్నాడు. అయినా, కూతుర్ని పిలిచినట్టు అత్తగారు తనను 'నోక్' అనడం ఇదే మొదలు. పెళ్లి కూడా పట్టుమని పదిమంది లేకుండా, విందు భోజనాలు డబ్బాల్లో సర్ది గుమ్మం గుమ్మానికీ పంపించి, మాస్కుల మధ్య జరిగిపోయింది. ఈ ఇంటికి తాను కోడలైనట్టు ఇప్పుడే ఎవరో సాక్ష్యం చెప్పినట్టనిపించింది. పెదవి కొరుక్కుని నూనెగిన్నె దగ్గరికి జరుపుకుంది.

మామగారు పాక్ తస్రిపిన్ పెకలోంగన్‌లో ముద్ర బతిక్ అద్దకం వేసేవాళ్లలో పాతకాపు. తెల్లవారి నమాజు కాగానే పొయ్యి మీద మైనం కరిగించి, రాగి ముద్రను అందులో అద్ది, గుడ్డ మీద పెట్టి అరచేత్తో ఒక్క చరుపు చరుస్తాడు. పువ్వు పక్కన పువ్వు, సందు తెలియకుండా పడుతుంది. ఆ పొద్దున ముద్ర చేతిలోంచి జారి మైనంలో పడింది. ఆయన పొయ్యి పక్కనే కూలబడ్డాడు.

"ఛాతీలో మొదలైంది," అన్నాడు పళ్లు బిగబట్టి. "కొత్త గుడ్డను పర్రున చించినట్టు వీపులోకి పోయింది."

"ఆస్పత్రికి పోదాం బాపక్," అన్నాడు తండ్రితో ఉల్ఫా భర్త మిస్బా.

"పోయి?" ఇబు రొఫియా విరుచుకుపడింది. "ముక్కులో పుల్ల పెట్టి కోవిడ్ అని రాసేస్తారు. తర్వాత మనిషిని చూపిస్తారా? ప్లాస్టిక్‌లో చుట్టి, తెల్ల చొక్కాలవాళ్లు గోతిలోకి దించేస్తే దూరంనుంచే దువా చేసుకోవాలి. పొద్దున్నుంచి మసీదు మైకు పోయినవాళ్ల పేర్లు ఎన్ని చదివిందో వినలేదా?"

"గాలేరా," అన్నాడు తస్రిపిన్. "ఆస్పత్రి మాటెత్తకు."

ఉల్ఫా గీసింది. అత్తగారు చెప్పినట్టే, వెన్నెముకను తాకకుండా, దాని పక్కనుంచి పక్కటెముకల వెంబడి కిందికి. మొదటి గీతకే చర్మం కందింది. మూడోసారికి నేరేడుపండు రంగు తిరిగింది.

"చూశావా!" ఇబు రొఫియా ముఖం విచ్చుకుంది. "ఎంత గాలి పట్టిందో! నల్లగా వస్తోంది. ఇంకా గియ్యి, ఆపకు."

గోడ అవతలనుంచి పక్కింటి పాక్ జుమారి తల పెట్టి చూశాడు. ఆయన రంగులు అద్దే పనివాడు, మోచేతులదాకా ఎప్పుడూ నీలమే. తస్రిపిన్‌ను అన్న వరసలో 'కాంగ్' అని పిలుస్తాడు. "కాంగ్ తస్రిపిన్, ఏమిటిది? పులివైపోయావే!"

"కుళ్లుకోకు," అన్నాడు తస్రిపిన్ చాపలోకి ముఖం పెట్టి. "ఇది ముద్ర వేసిన సరుకు కాదు. నా కోడలు చేత్తో గీసింది. చేతిగీత బతిక్‌కి ధరెక్కువ."

అంత నొప్పిలోనూ ఆయన వేసిన ఆ జోకుకు అందరూ నవ్వారు. ఉల్ఫా చెవులదాకా ఎర్రబడింది. గీస్తున్నప్పుడు ఆయన చేతులు సర్దింది. కుడి చెయ్యి వెచ్చగా ఉంది. ఎడమ చెయ్యి తడిగుడ్డలా చల్లగా ఉంది. నేల తడి తగిలిందేమో అనుకుని, ఆ చేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టి రుద్దింది. కాసేపటికి ఆయన మూలుగు ఆగింది. నిద్రపట్టింది. ఇబు రొఫియా కోడలి గడ్డం పట్టుకుని, "మంచి హస్తవాసి" అంది.

ఆ మాట పట్టుకుని ఉల్ఫా ఆ పూటంతా గాలిలో తేలింది. పనసకాయ తరిగింది, మెగోనో కూరకు కొబ్బరి తురిమింది, వంటింట్లో మిస్బా వెనకనుంచి వచ్చి వేళ్లు వాసన చూసి "అబ్బ, నూనె డాక్టరు" అంటే వాడి ముక్కుకు కొబ్బరి పూసింది.

మధ్యాహ్నం నమాజుకు లేవబోయి తస్రిపిన్ మళ్లీ అరిచాడు. ఈసారి నొప్పి కడుపులోకి దిగింది. ఎడమ కాలు నేలమీద ఆనలేదు. ఇక మిస్బా ఎవరినీ అడగలేదు. తండ్రిని భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తాడు. జుమారి తన రంగుల బండి ఖాళీ చేసి ఎక్కించుకున్నాడు.

ఊళ్లో ఆస్పత్రివాళ్లు స్కాన్ తీసి, గుండెలోంచి బయలుదేరే పెద్ద రక్తనాళం లోపలి పొర చిరిగిందన్నారు. ఆపరేషన్ పెద్ద నగరం సెమరాంగ్‌లోనే అన్నారు. అంబులెన్సు సెమరాంగ్ ఆస్పత్రి గేటు ముందు ఆగాక అందరి ముక్కుల్లోనూ పుల్లలు పెట్టారు. మిస్బా పరీక్ష పట్టీ మీద రెండు గీతలు వచ్చాయి, అంటే కోవిడే. దగ్గు లేదు, జ్వరం లేదు, రెండు గీతలు మాత్రం ఎర్రగా ఉన్నాయి. అతన్ని అక్కడికక్కడే క్వారంటైన్ బస్సెక్కించారు. కిటికీ అద్దం మీద అరచేయి ఆనించి ఏదో అన్నాడు. ఉల్ఫాకు వినబడలేదు. ఒంటరిగా మామగారి బల్లబండి వెంట లోపలికి నడిచింది.

తస్రిపిన్ పట్టీ మీద ఒకటే గీత. కానీ ఆ పట్టీ చాలదన్నారు. ముక్కులోంచి తీసింది ల్యాబుకు పోవాలి, ఫలితం రావాలి.

"అది రాకుండా థియేటర్ తలుపు తెరవరు," అంది నర్సు.

"ఈలోపల ఆయన పోతారండీ!"

"ఇక్కడ అందరూ అదే అంటున్నారమ్మా," అంది నర్సు. ఆమె కళ్లజోడు లోపల చెమట కారుతోంది. "అందరిదీ నిజమే."

వరండాలో ఎండ నేలమీంచి గోడమీదికి పాకి, గోడమీంచి కప్పుకెక్కింది. ఉల్ఫా ఆయన చల్లని చేతిని పట్టుకుని నిలబడింది. ఇంటినుంచి అత్తగారు ఫోన్ చేస్తూనే ఉంది. ఏం చెప్పాలో తెలియక 'చూస్తున్నారు ఇబు' అని మాత్రమే చెప్పింది. సూర్యాస్తమయం నమాజు వేళకు తెల్ల సూటులో పొట్టి మనిషొకావిడ వచ్చింది. ముఖం కనబడదు. సూటు ఛాతీమీద పెన్నుతో 'హెస్తి, సర్జన్' అని రాసుకుంది. రెండు మణికట్లూ పట్టుకుని నాడి చూసింది. ఎడమవైపు చాలాసేపు వెతికింది.

"ఫలితం రాలేదా?" అంది నర్సుతో. "వచ్చేదాకా పాజిటివ్ అనే అనుకుందాం. అందరినీ సూట్లు వేసుకోమను. లోపలికి తీసుకుపోదాం."

"డాక్టర్, రూలు..."

"రూలుకు నేను జవాబు చెప్పుకుంటాను. నాళానికి మాత్రం రూలు తెలియదు."

ఒంటికి పట్టీలు అతికించడానికి ఆయన్ని పక్కకు తిప్పినప్పుడు వీపు కనబడింది. నేరేడు రంగు చారలు, చేపముల్లులా వరసగా. డాక్టర్ హెస్తి చెయ్యి ఆగింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది?"

"తెల్లారి నమాజు తర్వాత."

"ఎవరు గీశారిది?"

"నేనే."

డాక్టర్ కోప్పడుతుందని ఉల్ఫా ఎదురుచూసింది. ఆవిడ కోప్పడలేదు. "మా అమ్మా గీస్తుంది. నిన్నగాక మొన్న నాకే గీసింది. అలసటకు గీసుకోండి, పడిశానికి గీసుకోండి. కానీ ఛాతీలో మొదలై వీపును చీల్చే నొప్పికి కాదమ్మా. నాణెంతో ఎవరిని గీసినా ఎర్రబడుతుంది. గాలి ఉన్నా ఎర్రబడుతుంది, లేకపోయినా ఎర్రబడుతుంది. మీరు రంగు చూసి సంబరపడుతుంటే లోపల చిరుగు సాగుతూ పోతుంది."

ఉల్ఫా దుప్పటి లాగి ఆ చారలను కప్పింది.

"ఈ మాయరోగం రాకముందు ఇలాంటివాళ్లు వస్తూనే ఉండేవాళ్లు. ఇప్పుడు రావడం లేదు. జబ్బు తగ్గిందేమో అనుకున్నాను కొన్నాళ్లు. తగ్గలేదు. భయపడి ఇళ్లలోనే ఉండిపోతున్నారు, అక్కడే పోతున్నారు. నా బల్ల మీదికి చేరినవాళ్లలో ఎక్కువమందిని ఇప్పటికీ ఇంటికి పంపుతూనే ఉన్నాను. చేరనివాళ్లకు నేనేం చెయ్యను?" ఆవిడ బల్లబండిని తానే తోసింది. "మీ వీధిలో చెప్పు. చెప్తావు కదా?"

"చెప్తాను డాక్టర్."

తస్రిపిన్ కళ్లు మూసి ఉన్నాయి. మందు మత్తులో ఉన్నాడనుకుంది ఉల్ఫా.

ఆయన ఒంటిని మంచులా చల్లబరిచి, గుండెను ఆపి, చిరిగిన నాళం ముక్క కోసేసి, దాని స్థానంలో గుడ్డతో అల్లిన గొట్టం కుట్టారు. పని సగం దాటాక ల్యాబునుంచి ఫలితం వచ్చింది. నెగటివ్. ఆ కాగితం చూస్తే ఉల్ఫాకు ఏడుపొచ్చింది. దానికోసమా ఆ ఎండంతా గోడెక్కేదాకా నిలబడ్డది! తెల్లవారాక హెస్తి బయటికి వచ్చింది. ముఖం మీద మాస్కు గాడి పడి ఉంది. "బతికాడు," అంది. "ఎడమ కాలు కొంచెం ఈడుస్తాడు. పొద్దున్నే వచ్చి ఉంటే అదీ ఉండేది కాదు."

తస్రిపిన్ ఇల్లు చేరేసరికి మైనం గిన్నెలో దుమ్ము పేరుకుంది. మిస్బా అప్పటికే బయటపడ్డాడు. క్వారంటైన్‌లో ఉన్నన్నాళ్లూ పెళ్లానికి పాటలు పాడి పంపినవాడు, ఎదురుపడగానే ఏమీ మాట్లాడలేక ఆమె సంచి అందుకుని దాన్నే గుండెకు హత్తుకున్నాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఉల్ఫా వంటింట్లో టీ కలుపుతుంటే ముందుగదిలో అత్తగారి ఫోన్ స్పీకర్ మోగుతోంది. బటంగ్‌లో ఉండే చెల్లెలు.

"తప్పు నీదే అక్కా. నేర్చుకోని చేతికి నాణెం ఇస్తావా? ఎక్కడ నొక్కిందో ఏమో, లోపల నరం తెంపింది. అయినా అది అడుగుపెట్టి ఎన్నాళ్లయింది, మీ ఇంట్లో ఇలాంటివి ఎప్పుడైనా జరిగాయా?"

ఇబు రొఫియా 'ఛ' అనలేదు. 'అవును' అనీ అనలేదు. ఆ మౌనానికి ఉల్ఫా చేతిలో చెంచా ఆగిపోయింది. ఇంతలో మామగారి గొంతు వినబడింది, సన్నగా, కుట్లు లాగుతుంటే ఆగి ఆగి.

"ఇలా తే ఫోను. ఇదిగో, విను. ఆ చెయ్యే నన్ను నిలబెట్టింది. సెమరాంగ్ డాక్టరమ్మే అంది. ఎవరు గీశారిది, ఈ గీతలు లేకపోతే ఇక్కడిదాకా వచ్చేవాడివి కాదు అంది. ఇంకోసారి నా కోడల్ని అన్నావంటే మీ ఇంటి గడప తొక్కను."

ఉల్ఫా టీ ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడింది. 'అలా అనలేదు బాపక్' అనడానికి నోరు తెరిచింది. అత్తగారు లేచొచ్చి ఆమె చేతిలో ట్రే అందుకుని, "కూర్చో నోక్, నిలబడి నిలబడి ఎంత చిక్కిపోయావో" అంది. ఉల్ఫా కూర్చుంది. మత్తులో ఏదో విని ఏదో అనుకుని ఉంటాడు, రేపు చెబుదాంలే అనుకుంది. ఆ పూట టీ ఎంత బాగుందో!

మర్నాటినుంచి తస్రిపిన్ వీధి అరుగు మీద చేరాడు. వచ్చినవాడికల్లా కథ చెప్పి, వెనక్కి తిరిగి చొక్కా ఎత్తి వీపు చూపించేవాడు. చారలు ఎప్పుడో మాసిపోయాయి. అయినా అందరూ చూసినట్టే తలలూపేవారు. "లోపల గుడ్డ కుట్టారు," అని చెప్పేవాడు. "తెల్లగుడ్డేనట. నన్నడిగి ఉంటే మంచి రంగు వేసి ఇచ్చేవాణ్ణి." జుమారి రోజూ ముందు వరసలో కూర్చుని, విన్న కథనే మళ్లీ విని, విన్నచోటే మళ్లీ నవ్వేవాడు. "నాకూ ఓ కోడలు వస్తే బాగుణ్ణు కాంగ్. మా ఆవిడ గీస్తే చర్మం పోతుంది గాని గాలి పోదు."

"నీ ఒంట్లో ఉన్నదంతా గాలే, ఎంత తీస్తే పోతుంది?" అని పక్కింటి లోపలినుంచి కేకేసేది జుమారి భార్య వార్సితి.

మెడ పట్టేసినవాళ్లూ, ఒళ్లు నొప్పులవాళ్లూ ఉల్ఫాను వెతుక్కుంటూ వచ్చారు. ఒకావిడ అరటిగెల తెచ్చింది. ఒక ముసలమ్మ, గీయించుకున్నాక, ఉల్ఫా నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. రాత్రి మిస్బాకు ఒక్కొక్కటీ వర్ణించి చెప్పేది ఉల్ఫా. డాక్టర్ మాట గొంతుదాకా వచ్చేది. వచ్చినవి మామూలు నొప్పులేగా, పడిశాలేగా అనుకుని మింగేది. సుఖంగా ఉన్నప్పుడు రేపు అనేది ఎంత దగ్గరగా కనబడుతుందో!

ఒక పొద్దున అంగళ్లు తెరిచే వేళ మసీదు మైకు గురగురమంది. ఉల్ఫా దండెం మీద గుడ్డలు ఆరేస్తోంది. ఈమధ్య మైకులో పేర్లు వినీ విననట్టు వదిలేయడం అలవాటైంది. ఈ పేరు మాత్రం గోడ అవతలిది. జుమారి.

వార్సితి వంటగది పక్కన చాప మీద కూర్చుని ఉంది. పక్కన నూనెగిన్నె అలాగే ఉంది. కొబ్బరినూనెలో చీమ ఒకటి ఈదుతోంది. ఉల్ఫాను చూడగానే చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"తెల్లారి నమాజుకు లేచి, ఛాతీ పట్టుకున్నాడు నోక్. వీపులోకి పొడిచిందన్నాడు. మిస్బాను లేపి బండి తియ్యమందామా అన్నాను. ఎందుకే, కాంగ్ తస్రిపిన్‌కు తగ్గలేదా, ముందు గియ్యి అన్నాడు. గీశాను. నల్లగా వచ్చింది. నిద్రపోయాడు. తగ్గిందని నేను బియ్యం కడుక్కుంటున్నాను." ఆమె ఉల్ఫా వేళ్లను ఒక్కొక్కటే తడిమింది. "నీకు కబురు పెడదామనుకున్నాను. కొత్తగా పెళ్లైనవాళ్లు, పొద్దున్నే ఎందుకు లేపడమని ఊరుకున్నాను. నా చెయ్యి నీ చెయ్యి కాదుగా. నిన్ను పిలవాల్సింది. నిన్ను పిలిచి ఉంటే బతికేవాడు."

చుట్టూ ఆడవాళ్లు ముక్కులు చీదుకున్నారు. నిజం చెబితే, బియ్యం కడుగుతూ మొగుణ్ణి పోగొట్టుకున్నానని ఈ మనిషి జన్మంతా తలబాదుకుంటుంది. చెప్పకపోతే ఈ చెయ్యి ఇలాగే పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు ఎంత ప్రేమగా ఉందో, అంతగా కాలింది.

ఇంటికి వచ్చేసరికి తస్రిపిన్ అరుగు మీద లేడు. షెడ్డులో, చల్లారిన పొయ్యి ముందు పీట మీద కూర్చుని, రాగి ముద్ర సందుల్లో గడ్డకట్టిన మైనాన్ని పుల్లతో గీకుతున్నాడు.

"బాపక్," అంది ఉల్ఫా. "డాక్టర్ అలా అనలేదు."

"తెలుసు."

పుల్ల ఆగలేదు.

"కళ్లు మూసుకున్నానంతే నోక్. చెవులు వింటూనే ఉన్నాయి. నాణెంతో ఎవరిని గీసినా ఎర్రబడుతుంది అంది. మీ వీధిలో చెప్పు అంది."

ఉల్ఫా గుమ్మం పట్టుకుంది. "మరి ఎందుకు..."

"బటంగ్ దాని మాట విన్నావుగా. అలాంటి మాట ఒకసారి ఇంట్లోకి వస్తే పోదు. నేను పోయాక కూడా నీ వెంట తిరుగుతుంది. నీకు ఈ ఇంట్లో చాలా బతుకు ఉంది." ఆయన పుల్ల చివర మైనం నేలకు రాశాడు. "గుడ్డ మీద మైనం చుక్క పడకూడని చోట పడితే ఏం చేస్తాం? దానిమీద ఒక పువ్వు వేస్తాం. కొన్నవాడికి పువ్వే కనబడుతుంది. అలాగే అనుకున్నాను. ఒక చుక్కే కదా, ఒక పువ్వు వేద్దాం అని." పుల్లను పొయ్యిలో పడేశాడు. "జుమారి ముందు వరసలో కూర్చున్నాడు. రోజూ."

"నేనూ విన్నాను బాపక్. రోజూ విన్నాను. బాగుందని ఊరుకున్నాను."

ఆయన ఆమె వైపు చూశాడు. ముద్రను గుడ్డతో తుడిచి, గోడకున్న మేకుకు తగిలించాడు.

జుమారి కోసం ప్రార్థనను మధ్యాహ్నం నమాజు తర్వాతే పెట్టుకున్నారు. గుంపులు వద్దని పోలీసులు తిరుగుతున్నారు. మగవాళ్లు సందులో చాపల మీద దూరదూరంగా కూర్చున్నారు. ఆడవాళ్లు జుమారి ఇంటి లోపల. కిటికీ దగ్గర వార్సితి, ఆమె పక్కనే ఉల్ఫా. వార్సితి ఆమె చెయ్యి వదల్లేదు. ప్రార్థన అయింది. టీ గ్లాసులు, పొట్లాలు అందిస్తున్నారు. ఎవరో నిట్టూర్చారు. "ఉల్ఫా చెయ్యి పడాల్సింది. అదృష్టం లేదు."

తస్రిపిన్ కర్ర ఆనించుకుని లేచాడు. ఆయన లేస్తే ఏం చేస్తాడో సందులో అందరికీ తెలుసు. వెనక్కి తిరుగుతాడని కొందరు అప్పుడే చోటిచ్చారు. ఆయన తిరగలేదు. ఎదురుగా నిలబడి, బతిక్ చొక్కా గుండీలు పైనుంచి ఒక్కొక్కటే విప్పాడు. గొంతు కిందనుంచి పొట్టదాకా నిలువునా కోత. ఇంకా పచ్చిగా, గులాబీ రంగులో. ఇన్నాళ్లూ ఆయన ఎవరికీ చూపించనిది.

"నన్ను బతికించింది ఇది," అన్నాడు. "వీపు మీద గీతలు కాదు. డాక్టరమ్మ అన్నదని నేను చెప్పింది అబద్ధం. ఆవిడ అన్నది వేరు. ఛాతీలో మొదలై వీపులోకి చీల్చే నొప్పి వస్తే గాలి అనుకోవద్దు, గీసుకుంటూ కూర్చోవద్దు, పుల్ల పెట్టినా సరే, ప్లాస్టిక్ చుట్టినా సరే, ముందు ఆస్పత్రికి రమ్మంది. పొద్దున్నే పోయి ఉంటే ఈ కాలు కూడా నాకుండేది. అబద్ధం నాది. నా తమ్ముడు జుమారి దాన్ని నమ్మాడు."

టీ గ్లాసు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు.

"నీకు తెలుసా?" అంది వార్సితి. కిటికీ వైపే చూస్తోంది.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"సెమరాంగ్ నుంచే. ఆవిడ చెప్పమన్నది నాకే."

ఉల్ఫా వేళ్ల మధ్యనుంచి ఆ వేళ్లు మెల్లగా జారాయి. వార్సితి తన చేతిని ఒళ్లో పెట్టుకుని, కొంగుతో చాలాసేపు తుడుచుకుంది, నూనె అంటినట్టు. ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఉల్ఫాకు. అరచేయి తెరిచినది తెరిచినట్టే మోకాలి మీద ఉండిపోయింది.

బయట తస్రిపిన్ గుండీలు పెట్టుకోలేకపోతున్నాడు. మిస్బా లేచి సాయం వెళ్లాడు. సందు చివర కూర్చున్న ముసలివాళ్లు చెవుల వెనక చేతులు పెట్టుకుని, ఏమన్నాడు, ఏమన్నాడని ఒకరినొకరు అడుగుతున్నారు.

వార్సితి కిటికీ రెక్క పూర్తిగా తెరిచింది.

"కాంగ్," అంది. గొంతు గట్టిగానే ఉంది. "గుండీలు పెట్టుకోకు. ఇంకోసారి చెప్పు. వెనక వాళ్లకు వినబడలేదు."